ఏడో నంబరు

రాత్రి పదకొండూ యాభై ఎనిమిది.
మౌలాలిలో నేను, టోలిచౌకిలో రఫత్,
బోయినపల్లిలో ఫ్లోరా మేడం,
కుషాయిగూడలో జంగయ్య, చేతిలో
కూతురు చీటీ మీద రాసిచ్చిన పాస్‌వర్డ్.
నాలుగు ఇళ్లలో నాలుగు తెరల ముందు
పొయ్యి మీది పాలను చూసినట్టు చూస్తున్నాం.

పన్నెండింటికి తెరుచుకుంటుందట కొత్తది.

పాతది మాకు నోటికొచ్చు.
సగం తెగిన జింక బొమ్మ,
"బుక్ చేయుము" అని పంతులుగారి గొంతుతో ఒక బటన్.
రెండుసార్లు నొక్కాలి, మూడోసారి నొక్కకూడదు.
డబ్బులు కట్టయి పేజీ తెల్లబోతే
కంగారు పడకుండా చాయ్ తాగి రావాలి.
వచ్చేసరికి ఏడో నంబరు మాదై ఉండేది.

ఏడో నంబరంటే
ఇప్పచెట్టు కింద, వాగుకి ఇరవై అడుగుల్లో,
వాన పడితే నీళ్లు ఎడమవైపుకి పోయే చోటు.
పోయిన ఫిబ్రవరిలో రఫత్ పీకలేక వదిలేసిన టెంటు మేకు
ఇంకా ఆ మట్టిలోనే ఉంది.

కొత్తదాంట్లో ఏడు లేదు.
ఆర్‌జీ జీరో త్రీ ఉంది.
పచ్చటి పటం మీద చుక్కలున్నాయి,
వేలు పెడితే ఉబ్బి, తీస్తే ముడుచుకునేవి.
చెట్టు లేదు. వాగు ఒక నీలిగీత,
ఎటు పారుతుందో చెప్పదు.
పైన ఫోటోలో ఎవరో మంచుకొండల ముందు నవ్వుతున్నారు.
వికారాబాద్ దాటాక మంచుకొండలు ఎప్పుడు మొలిచాయో!

ఫ్లోరా మేడం ఫోను:
"వీరేశం, నేను మనిషినేనని రుజువు చూపమంటోంది.
తొమ్మిది బొమ్మల్లో మెట్లెక్కడున్నాయో పట్టుకోవాలట.
ఈ మోకాళ్లతో మెట్లు నాకు తెలియవా?
అయినా తప్పంటోంది."

జంగయ్య ఓటీపీ కూతురి ఫోనుకి పోయింది.
ఆమె నైట్ డ్యూటీలో, ఫోను లాకర్లో.

నవ్వొచ్చింది నాకు. కాసేపటికి ఆగిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్లు
బస్టాండులో రిజర్వేషన్ కిటికీ వెనక కూర్చున్నాను.
గళ్ల కాగితం, చేతిలో ఎర్ర పెన్సిలు, చెవి మీద ఇంకోటి.
"కిటికీ పక్కది ఇయ్యన్నా" అంటే
అది వాంతుల మొహమో, ప్రేమ మొహమో
చూసి ఇచ్చేవాణ్ణి.
కంప్యూటర్ వచ్చిన మొదటివారం
ఒక పెద్దామె కిటికీలో చెయ్యి పెట్టి
"ఎప్పుడిచ్చేదే ఇయ్యి బిడ్డా, టైరు మీదిది వద్దు" అంది.
"సిస్టంల అట్ల రాదమ్మా" అన్నాను.
ఎంత సులువుగా అన్నాను.
వెనకవాళ్లు ముందుకు జరిగారు.

పన్నెండు.
చక్రం తిరిగింది. తిరిగింది.
పన్నెండూ ఆరుకి ఆగింది.
ఫ్లోరాకి ఒక చుక్క, నాకు వాగు అవతల ఒకటి,
రఫత్‌కి ఎవరూ అడగని మంగళవారం.
జంగయ్యకి: మీ సెషన్ ముగిసింది.
"ఇంకా షురూనే కాలె గదనే!"

ఆదివారం మెట్టుగూడలో కలిశాం.
రఫత్ ఆ పటాన్ని పెద్ద సైజులో జిరాక్స్ తీయించాడు.
నేను ఎర్ర పెన్సిలు తీశాను.
ఇప్పచెట్టు ఇక్కడంటాడొకడు, కాదు అక్కడంటాడొకడు.
నల్లబడ్డ పొయ్యిరాళ్లను బట్టి ఫ్లోరా,
తను జారిపడ్డ గట్టును బట్టి జంగయ్య,
మూడు చాయ్‌ల తర్వాత తేల్చారు:
ఆర్‌జీ జీరో త్రీయే.
అది వేరేవాళ్లకి పోయింది.

అక్కడ ఏడు వేశాను. నీళ్లు పోయే వైపు బాణం గీశాను.
కాగితం మీద గీస్తే ఎవరికి తెలుస్తుంది?

అప్పుడు కనిపించింది, నా బుకింగ్ అడుగున
ప్రత్యేక అభ్యర్థనలకి ఒక చిన్న డబ్బా,
రెండు వందల అక్షరాలు.
ఒక్క వేలితో కొట్టాను:
"ఆర్‌జీ జీరో త్రీ వారికి తెలియజేయగలరు.
చెట్టు మొదట్లో ఇనుప మేకు ఉంది.
చీకట్లో చెప్పులు లేకుండా తిరగొద్దు.
టెంటు తలుపు కుడివైపు పెట్టుకోండి."

ఇంకా చోటుందంది డబ్బా.

"మేకు మాదని కూడా రాయి" అన్నాడు రఫత్.